తలుపు దగ్గర పరంధామయ్య

పరంధామయ్య ఒకసారి చూసిన ముఖాన్ని జన్మలో మరిచిపోడు. కానీ మా మండలి తలుపు దగ్గర నిలబడ్డాడంటే మాత్రం ఆయనకు ఈ లోకంలో ఎవరూ తెలియరు. అరగంట క్రితం ఒకే బండి దగ్గర పక్కపక్కన నిలబడి మిర్చిబజ్జీ తిన్న మనిషినైనా సరే, తలుపు సందులోంచి చూసి "ఎవరది?" అంటాడు. నవ్వించడానికి కాదు. ఆయనకు నవ్వించడం రాదు.

మాది నాచారంలో ఒక సోదర మండలి. లాడ్జి అని పిలుచుకుంటాం గానీ గదులు అద్దెకివ్వం. ఫ్యాక్టరీ పనివాళ్లు, గుమస్తాలు, టీచర్లు, దుకాణదారులు నెలకోసారి ఆదివారం సాయంత్రం ఒక హార్డ్‌వేర్ దుకాణం మీది హాల్లో కలుస్తాం. కులాన్నీ ఊరినీ చెప్పులతోపాటు మెట్ల దగ్గరే వదిలి రావాలన్నది మా నియమం. దవాఖానాలో ఉన్న సోదరుణ్ణి చూసి రావడం, పోయిన సోదరుడి ఇంటికి అండగా నిలవడం మా పని.

లోపలికి రావాలంటే తలుపు రెండుసార్లు గబగబా తట్టి, ఆగి, మళ్లీ ఒకసారి తట్టాలి. "ఎవరది?" అంటే "అన్నదమ్ముల్లో ఒకణ్ణి" అనాలి. "ఎక్కడి నుంచి?" అంటే "ఎండలోంచి." "ఎందుకు?" అంటే "నీడకు." మండలి పెట్టినవాళ్లు గంభీరంగా ఉంటుందని పెట్టిన తంతు ఇది. తర్వాత వచ్చినవాళ్లకు అలవాటైపోయి, తలుపు తోసుకుని రావడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే పరంధామయ్య ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమ్‌కీపర్‌గా రిటైరై, మా ద్వారపాలకుడిగా చేరాడు. తెల్ల గ్లోవ్స్, భుజం మీదుగా నీలం పట్టీ, చేతిలో పొన్నుకర్ర. ఆ రోజు నుంచి తలుపు ఎవరికీ తోస్తే తెరుచుకోలేదు.

ఒక వానాకాలం సాయంత్రం మా అధ్యక్షులు రామ్మోహనరావు గారు గొడుగు మరిచి తడుస్తూ వచ్చారు. కాకినాడ నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డ పెద్దమనిషి, బ్యాంకులో ఆఫీసరుగా చేశారు. తడిసిన కంగారులో తలుపు దబదబా బాదారు.

"ఎవరది?"

"నేనండీ పరంధామయ్య గారూ, రామ్మోహనరావుని! తలుపు తీయండి, తడిసిపోతున్నాను."

"రామ్మోహనరావు సారు నాకు మంచిగ ఎర్క. నువ్వే ఆయన అనెటందుకు సబూత్ ఏంది?"

"నా గొంతు తెలీదటండీ?"

"గొంతుదేముంది సార్, జలుబు జేస్తే మారుతది. తట్టుడు మారదు."

లోపల మేమంతా అధ్యక్షుల కోసం ఎదురుచూస్తున్నాం. పరంధామయ్య మావైపు తిరిగి, "సారు ఇంకా రాలే. వానల ఏడ ఇరుక్కున్నరో ఏమో" అని నిజంగానే బాధపడ్డాడు.

టీ తెచ్చే కనకరాజు కథ ఇంకొకటి. సభ్యుడు కాడు కాబట్టి అతను తలుపు తట్టకూడదు, కింద నుంచి కేక వేయాలి. ఒక రోజు ఫ్లాస్కు పట్టుకుని పైకి వచ్చి, తప్పు లేకుండా తట్టి, మూడు జవాబులూ మాకంటే స్పష్టంగా చెప్పాడు. తలుపు తీసిన పరంధామయ్య ముఖం పాలిపోయింది.

"నీకెట్ల ఎర్కైందిరా గిది?"

"ఇన్నేండ్ల సంది కిందికెల్లి ఇంటున్న గద మామా. మా బండి కాడ అందరికీ ఎర్కే."

పరంధామయ్య ఆ పూటే తట్టే పద్ధతి మొత్తం మార్చాలని తీర్మానం పెట్టాడు. చర్చ సాగింది, టీ చల్లారింది, తీర్మానం వీగిపోయింది. అప్పటి నుంచి మా టీ కిటికీలోంచి తాడు కట్టిన బకెట్‌లో పైకి వస్తుంది.

ఇంట్లో కూడా ఈ పద్ధతి పెట్టబోయాడని ఆయన భార్య సూర్యకళ చెప్పింది. ఆమె కూరగాయల సంచితో వచ్చి తలుపు కొడితే లోపలి నుంచి "ఎవరది?" అన్నాడట.

"నీ పెండ్లాన్ని."

"ఏడికెల్లి?"

"బండి కాడికెల్లి."

"ఎందుకు?"

"నీకు వండవెట్టెటందుకు. ఇంకో మాట అడిగితే అది సుత ఉండది."

ఇంట్లో ప్రశ్నలు ఆ రోజుతో ఆగిపోయాయి. మండలిలో ఆగలేదు.

ఉమామహేశ్వర్ ఫోన్ చేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ మనిషే. ఉమామహేశ్వర్‌కు ఒకప్పుడు నాచారంలో లేత్ వర్క్‌షాప్ ఉండేది. మండలిలో ఉపాధ్యక్షుడి కుర్చీ అతనిది. వర్క్‌షాప్ మూతపడ్డాక మండలికి రావడం మానేశాడు. మేం ఇంటికి వెళ్లేసరికి ఇల్లు మారిపోయింది, ఫోన్ నంబరు మారిపోయింది. ఏళ్లు గడిచాయి.

"రావాలనుంది అన్నా," అన్నాడు ఫోన్‌లో. "మొన్న టీ బండి దాకా వచ్చి ఎనుకకు మర్లిపోయిన."

"ఎందుకు మర్లిపోయినవ్?"

"హాల్ల నడుమ నిలవెట్టి అడుగుతరు గదా."

అతను భయపడుతున్నది మా ఆచారానికి. చాలాకాలం తర్వాత తిరిగొచ్చిన సోదరుణ్ణి హాలు మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ అధ్యక్షులు అడుగుతారు: ఇన్నాళ్లు ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు? దాన్ని రాక ప్రశ్న అంటాం. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ మా వాళ్లు జవాబుతో ఊరుకోరు, తలా ఒక ఉపప్రశ్న వేస్తారు. ఆ హాల్లో సగం మంది అతని కింద పని నేర్చుకున్నవాళ్లు, మిగతా సగం అతనికి నమస్కారం పెట్టినవాళ్లు. వాళ్ల ముందు నిలబడాల్సి వస్తే ఉమామహేశ్వర్ వెంటనే మెట్లు దిగిపోతాడు. ఈసారి వెళ్తే మళ్లీ రాడు.

ఆ ఆదివారం ఉప్పల్ మెట్రో కింద అతణ్ణి బండి ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. మండలి ముందు దిగాడు. మెట్లెక్కి, చెయ్యెత్తి, రెండుసార్లు తట్టి, ఆగి, ఒకసారి తట్టాడు. రోజూ వచ్చేవాడిలా.

"ఎవరది?"

"అన్నదమ్ముల్లో ఒకణ్ణి."

"ఎక్కడి నుంచి?"

"ఎండలోంచి."

"ఎందుకు?"

ఉమామహేశ్వర్ చొక్కా చేతులు సర్దుకున్నాడు. "నీడకు," అన్నాడు చివరికి.

తలుపు తెరుచుకుంది. పరంధామయ్య పక్కకు తప్పుకోలేదు. తానే బయటికొచ్చి తన వెనక తలుపు మూసేశాడు. మీటింగ్ రోజు ఆయన గడప దాటడం నేను చూడటం అదే మొదలు.

"ఇన్నొద్దులు ఏడున్నవ్? ఏం జేస్తున్నవ్?" అన్నాడు కర్ర నేలకు ఆనించి.

నాకు ఒళ్లు మండింది. "మామా, జర ఆగరాదు? నిలవడనీయి ముందు మనిషిని."

"నువ్వాగు. జవాబు ఆయన జెప్పాలె."

ఉమామహేశ్వర్ తలదించుకున్నాడు. "బోడుప్పల్ల ఒక అపార్ట్‌మెంట్ గేటు కాడ ఉంటున్న మామా. సెక్యూరిటీ డ్యూటీ."

"ఎవలొచ్చినా ఆపుతవా?"

"ఆపుత."

"ఎర్కున్నోళ్లను?"

"ఎర్కున్నోళ్లనే ముందుగాల ఆపుత. ఎర్క లేనోడు ఆపకముందే ఆగుతడు."

పరంధామయ్య కళ్లు పెద్దవయ్యాయి. ఆయన సిద్ధాంతం మరొకరి నోటి నుంచి వినడం అదే మొదటిసారి అయ్యుండాలి.

"మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీని ఆపినవా?"

"మొన్ననే ఆపిన. కారుకు స్టిక్కర్ లేదు. మస్తు తిట్టిండు."

"తిట్టనీ!" అన్నాడు పరంధామయ్య, ఆనందం పట్టలేక. "స్టిక్కర్ అంటిచ్చుకొచ్చిండా లేదా?"

"అంటిచ్చుకొచ్చిండు."

"గంతే మరి!"

ఆయన తలుపు బార్లా తెరిచి, పొన్నుకర్రతో నేల మీద గట్టిగా కొట్టాడు. "సోదరుడు ఉమామహేశ్వర్ వచ్చిండు. రాక ప్రశ్న అయిపోయింది. జవాబు సరిపోయింది."

హాల్లో కుర్చీలు కదిలాయి. రామ్మోహనరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "అదేంటండీ, రాక ప్రశ్న నేను కదా అడగాలి?"

"తలుపు కాడ అడిగింది లోపట మల్ల అడగొద్దు సార్. నిబంధన."

"ఇంతకీ ఏం చెప్పాడండీ?"

"తలుపు కాడి మాట తలుపు కాడనే ఉండాలె. అది సుత నిబంధననే."

నిబంధనల విషయంలో పరంధామయ్యను ఎదిరించినవాడు మా మండలిలో లేడు. రామ్మోహనరావు గారు కుర్చీలోంచి లేచి, "రావయ్యా, రా," అని చేయి చాపారు. ఉమామహేశ్వర్ నడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. హాలు మధ్యలో ఎక్కడా ఆగాల్సిన అవసరం లేకపోయింది.

నేను గడప దగ్గరే ఉండిపోయాను. మండలిలో చేరిన ఇన్నేళ్లలో ఆ రెండు నిబంధనలూ ఎప్పుడూ వినలేదు.

"మామా, గీ నిబంధనలు ఎప్పటియి?" అన్నాను మెల్లగా.

పరంధామయ్య గ్లోవ్స్ సరిచేసుకున్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"గడప మీద నిలవడి ముచ్చట వెట్టొద్దని ఇంకో నిబంధన ఉన్నది," అన్నాడు. "అది సుత ఇప్పుడే వెట్టిన. లోపటికి నడువు."