మోకుల మధ్య కోణం

పుత్తూరులో లెక్కలు చెప్పే పరంధామయ్య అయ్యవారు ఎక్కడ రెండు గీతలు కలిసినా ఒక కన్ను మూసి, బొటనవేలూ చూపుడువేలూ చాచి, మధ్య కోణం కొలుస్తాడు. యుద్ధకాలం. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే తిరుపతి బస్సు, ఆయన ఎక్కిన రోజు, వడమాలపేట దాటాక దారికడ్డంగా ఉన్న వంక ఇసుకలో కూరుకుపోయింది. ఎదురుగా బురదగుంట. కాళ్లు తడవకుండా పదిమంది మగవాళ్లు రెండు మోకులు కట్టి, గుంటకు అటు అయిదుగురూ ఇటు అయిదుగురూ ఎడంగా నిలబడి లాగారు. బస్సు కదల్లేదు.

మల్లెల గంపలతో బస్సులోనే కూర్చున్న మునిరత్నమ్మ, "పొద్దుగూకేలోగా తిరుచానూరు సేరకుంటే పూలన్నీ వాడిపోతాయి సామీ," అని మొత్తుకుంది.

అయ్యవారు బస్సు రేకు మీద సుద్దతో రెండు బాణాలు గీసి, కొసైను వేసి తేల్చాడు. "నూటిరవై డిగ్రీలప్పా! పదిమంది లాగతా ఉండారు, బస్సుకు తగిలేది అయిదుమంది బలమే."

వెంటనే ఒక జట్టు మోకు వదిలేసి బీడీలు ముట్టించింది. "అట్లయితే వాళ్లు నేరుగా లాగితే సాలు. మేము కూర్సుంటాము."

లెక్క ప్రకారం అది తప్పు కాదు. అయ్యవారు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి చూపించాడు. "రెండు మోకులూ దగ్గరికి తెస్తే పదిమంది బలమూ తగులుతుంది."

"దగ్గరికంటే గుంటలోకే కదా. ఎవురు దిగేది?"

ఆయన పంచె ఎగ్గట్టి, మోకాలిలోతు బురదలో దిగి మోకు పట్టుకున్నాడు. సిగ్గుపడి అందరూ దిగారు. బస్సు ఒక్క ఊపున గట్టెక్కింది. ఆపితే మళ్లీ కూరుకుంటుందని డ్రైవరు ఆపకుండా పోనిచ్చాడు. పదకొండుమందీ వెంట పరుగెత్తారు.

మునిరత్నమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. "ఇప్పుడెంతమంది బలంతో పరిగెత్తతా ఉండారు సామీ?"

"ఒక్కడి బలమేనమ్మా," అన్నాడు అయ్యవారు రొప్పుతూ, "బస్సు ఆపమను!"