స్క్రీన్ మీద రజిత పేరు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ముందునుంచీ నమ్మకం లేదు. నేను సి భాషలో ప్రోగ్రాములు రాసేవాణ్ని. కంప్యూటర్ ఏ వింత చేసినా కారణం కోడ్‌లోనే దొరుకుతుందని నా ధీమా.

సిద్దిపేటలో నా భార్య రజితకు డయాలసిస్ చేయించిన ప్రైవేటు దవాఖానలో, ఎవరికి ఏ బెడ్డో చూపించే స్క్రీన్‌కు ప్రోగ్రాం రాసింది నేనే. మొదట్లో అది నెట్ ద్వారా డేటాబేస్ నుంచి ఒక్కో పేరే తెచ్చేది. నెట్ పోతే ఆగిపోయేది.

"నెట్ పోయినప్పుడల్లా అందరం నిలబడుడే అయితుంది. పొద్దుగాలనే పేర్లన్నీ ఒక్కసారే తెచ్చి పెట్టుకోరాదు?" అంది రజిత.

అలాగే మార్చాను. పొద్దున్నే ఆ రోజు పేర్లన్నీ కంప్యూటర్ మెమరీలోకి, అంటే బఫర్‌లోకి, వచ్చేసేవి. ఆ తర్వాత నెట్ పోయినా స్క్రీన్ నడిచేది. "ఇగ మంచిగైంది" అని నవ్వింది.

ఆ ఏడు వానాకాలంలోనే రజిత చనిపోయింది. దినాలైపోయాక డేటాబేస్‌లోంచి ఆమె పేరు నా చేతులతోనే తీసేశాను.

ఒక మంగళవారం, అక్కడే ఉండిపోయిన ఆమె దుప్పటి తెచ్చుకుందామని దవాఖానకు వెళ్లాను. హాల్లో అందరూ స్క్రీన్ వైపే చూస్తున్నారు. రజిత పేరు. పక్కన కిటికీ దగ్గరి బెడ్ నంబరు.

"అన్నా, వదిన పేరు ఇంక తియ్యలేదా? జర తీసెయ్యే, చూడలేకపోతున్నం" అంది సిస్టర్ స్వరూప.

బఫర్‌లో పాత కాపీ మిగిలిందేమో అనుకున్నాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఆపితే మెమరీలో ఏదీ మిగలదు. డేటాబేస్‌లో వెతికాను, ఆమె పేరు లేదు. అయినా స్క్రీన్ మీదికి మళ్లీ వచ్చింది, అదే బెడ్‌తో. ఆ బెడ్ కావాలని రజిత ఎన్నోసార్లు అడిగింది. ఎప్పుడూ దొరకలేదు. ఆ రోజు దౌల్తాబాద్ నుంచి రావలసిన పేషెంటు రాక అది ఖాళీగా ఉంది.

"ఇంకొకరిని పండబెట్టాల్నా అన్నా?"

"వద్దమ్మా. జరసేపు ఉండనీ."

వెళ్లి ఆ బెడ్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె చనిపోయిన రోజు కూడా రాని ఏడుపు అక్కడ వచ్చింది. స్వరూప కర్టెన్ లాగి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి పేరు దానంతటదే పోయింది.

తోటి ప్రోగ్రామర్ ఒకతను కోడంతా చూశాడు. తప్పేమీ దొరకలేదు. నాకూ దొరకలేదు.

తర్వాత చాలా మంగళవారాలు ఆ హాల్లో వెళ్లి కూర్చున్నాను. అందరి పేర్లూ వచ్చాయి. ఆమెది రాలేదు. ఆ రోజు ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇంకొక్కసారి వస్తే చాలని మాత్రం ఇంకా వెళ్తూనే ఉన్నాను.