ఓడ దిగి తెంపిన గంగవాయిలి

మధ్యధరా సముద్రంలో మా ఓడ ప్రయాణం ముగిసే ముందు ఆఖరుగా ఒక గ్రీకు దీవి దగ్గర ఆగింది. అందరూ కొండ మీది కోటకు ఎక్కుతుంటే మా అవ్వ ఒక గోడ పక్కన టక్కున ఆగిపోయింది.

"అగో, గంగవాయిలి కూర!"

మా మంచిర్యాల చేలల్లో కలుపుతో పాటు మొలిచే పుల్లటి ఆకే. ఇన్ని రోజులూ ఏ ఊరు చూపించినా మొహం చిట్లించిన మనిషి, కొంగు నడుముకు చెక్కి తెంపడం మొదలుపెట్టింది. కోట చూసే భాగ్యం నాకూ పోయింది. లోపల మండిపోతూ సంచి పట్టుకుని నిలబడ్డాను. గోడకు అటు చివర ఆ ఊరి ముసలామె ఒకావిడ కూడా అదే తెంపుతోంది.

"నువ్వు గూడ చెయ్యి పెట్టు, లేతదంత గామెనే తెంపుకపోతుంది!" అని అవ్వ నన్ను కసిరింది.

ఓడ ఎక్కేచోట కాపలా అతను సంచి తెరిచి, ఆకులు లోపలికి తేకూడదని చెత్తబుట్ట చూపించాడు. బతిమాలినా వినలేదు.

ఆ సాయంత్రం భోజనంలో టమాటా ముక్కల మధ్య, చీజ్ కింద, అదే ఆకు! అవ్వ ఒక కాడ పైకెత్తి తిప్పి తిప్పి చూసింది.

"నాతోని పారబోయించి వీళ్ళే తింటుండ్రు."

కొంచెం నమిలాక కోపం జాలిగా మారింది.

"పాపం, పప్పుల ఎయ్యాల్నని వీళ్ళకు ఎరుకలేదు."