జరగని సాక్ష్యం

మహిపాల్‌కు ఒక్కటే జబ్బు. అది ఆరా తీయడం. అమీర్‌పేట మెట్రో కింద అతని ఆటో ఎక్కిన మనిషి పంజాగుట్ట దాటేలోపు తన ఊరు, కొలువు, అత్తగారి ఊరు, బీపీ ఉందో లేదో అన్నీ అప్పజెప్పాల్సిందే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, ఆ సామెతను మహిపాల్ అన్నం విషయంలో కన్నా కబుర్ల విషయంలో ఎక్కువ పాటించాడు. ఎవరైనా విసుక్కుంటే నొచ్చుకునేవాడు కాదు. మనిషి మనిషిని అడగక ఇంకెవరిని అడుగుతాడని నవ్వేసేవాడు. కొందరైతే దిగాక కూడా ఆటో పక్కన నిలబడి మిగిలిన కథ పూర్తిచేసి మరీ పోయేవారు.

ఊరందరి సంగతులూ తెలిసిన ఈ పెద్దమనిషికి ఇంట్లో పెళ్ళాం సంగతి ఒకటి మాత్రం అంతుపట్టలేదు. సుకన్య రోజూ పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందే, తల మీద కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. కళ్ళు మూసుకుంటుంది. పెదవులు కదులుతాయి గానీ మాట బయటికి రాదు. చాయ్ చల్లారిపోయేంతసేపు అట్లాగే ఉంటుంది. అంతసేపు ఏం మాట్లాడుతుంది? ఎవరి మీద చాడీలు చెబుతుంది? ఒకసారి మెల్లగా పక్కన చేరి చెవి ఒగ్గి వినబోతే, కళ్ళు తెరవకుండానే మోచేత్తో ఒకటి పొడిచింది.

ఆమె ఏసు మందిరానికి పోవడం మొదలైంది కూతురు పింకీకి డెంగీ వచ్చిన ఏడు. పిల్లకు ప్లేట్‌లెట్లు పడిపోతుంటే వార్డు ఊడ్చే ఆయా ఒకామె చీపురు పక్కన పెట్టి, మంచం దగ్గర మోకరించి ప్రార్థన చేసింది. పిల్ల లేచి తిరిగాక సుకన్య ఆ ఆయా వెంట మందిరానికి పోయి, ఇక మానలేదు. మహిపాల్ అడ్డం చెప్పలేదు. అతని ఆటోలో ఎల్లమ్మ ఫొటో ఉంది, బోనాలకు బల్కంపేట పోతాడు, పెళ్ళాం ఆదివారం మందిరానికి పోతే దింపి వస్తాడు. కాకపోతే అడగకుండా ఉండలేడు కదా, అడిగాడు. పిల్ల బతికింది మందులతోనా, ప్రార్థనతోనా?

"పిల్లకు మందులు పనిచేసినయి. నాకు ప్రార్థన పనిచేసింది" అంది సుకన్య.

మరి నువ్వడిగినదానికి ఆ దేవుడు జవాబెట్లా చెబుతాడు, ఫోన్ చేస్తాడా అని కూడా అడిగాడు. లోపల నెమ్మది వస్తుందనీ, ఏ పని చేస్తే ఆ నెమ్మది నిలుస్తుందో అదే జవాబనీ చెప్పింది. మహిపాల్‌కు అది జవాబులా అనిపించలేదు. కానీ చాలా రోజులు దాని గురించే ఆలోచించాడు.

ఆ అడిగే జబ్బే ఒకనాడు కొంప ముంచింది. వానాకాలం, పొద్దున్నే రద్దీ. వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన తన బిడ్డకు సంబంధం కుదిరిందని మురిసిపోతూ చెబుతున్నాడు. పిల్లగాడు ఏం చేస్తాడో అడుగుదామని పంజాగుట్ట చౌరస్తాలో మహిపాల్ వెనక్కి తల తిప్పాడు. ముందున్న బైకు ఆగింది, ఆటో ఆగలేదు. బైకు మీది యువకుడు రోడ్డు మీద పడ్డాడు, కాలు విరిగింది. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. మహిపాల్ నోరు తన వీపును వదిలేసి పరాయివాడి కాలి మీద పడింది.

బైకే సడన్‌గా ఆగిందని పెద్దాయన పోలీసులకు చెప్పాడు. వానలో బ్రేకు పడలేదనుకున్నారు. చివరికి రాజీ అయిపోయింది. తల తిప్పిన మాట మహిపాల్ ఎవరికీ చెప్పలేదు, సుకన్యకు కూడా. స్టేషన్లో ఆ యువకుడి పేరు చదువుతుంటే చెవులు మూసుకున్నంత పని చేశాడు. ఊరందరి పేర్లూ అడిగినవాడు ఆ ఒక్క పేరు వినలేకపోయాడు.

అప్పటినుంచి ఆటో గల్లీలో టార్పాలిన్ కింద పడి ఉంది. క్లచ్ పోయిందని చెప్పుకున్నాడు గానీ, పోయింది క్లచ్ కాదు. హ్యాండిల్ పట్టుకోగానే చేతులు వణుకుతున్నాయి. వణుకు వేళ్ళ నుంచి మొదలై భుజాలదాకా పాకుతుంది. బండి దిగితే తగ్గిపోతుంది. సుకన్య ఒక లేడీస్ హాస్టల్లో వంటకు కుదిరింది. మహిపాల్ గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తాడు, ఎవర్నీ ఏమీ అడగడు. బస్తీవాళ్ళకు ఆటో ఆగినందుకు కాదు, ఈ మౌనానికి భయమేసింది.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం దుర్గాంబ వచ్చింది. ఈమె మందిరంలో సుకన్య పక్కన కూర్చునే ముసలామె. భీమవరం నుంచి కొడుకుతో వచ్చి అమీర్‌పేటలో స్థిరపడింది. మంచి మనిషే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"వందనాలు బాబూ. దేవుడు నీ చేత మళ్ళీ బండి పట్టించాడని సుకన్య ఇవాళ సాక్ష్యం చెప్పింది. విన్నాక నాకు ఎంత ధైర్యం వచ్చిందో" అంది.

మహిపాల్‌కు గుండెలో రాయి పడింది. సాక్ష్యమంటే కోర్టుది కాదు. ఎవరికైనా మేలు జరిగితే ఆరాధన మధ్యలో లేచి, అందరికీ వందనాలు చెప్పి, జరిగింది జరిగినట్టు మైకులో చెబుతారు. మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. జరగనిది చెప్పినవాళ్ళ గురించి మహిపాల్ ఇంతవరకూ వినలేదు. ముసలామె ఇవేమీ గమనించక తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది. కంట్లో శుక్లం ముదిరిందట, కత్తి అంటే భయంతో ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చిందట, ఈ సాక్ష్యం విన్నాక సరేనందట. బుధవారం పొద్దున్న మాసబ్ ట్యాంక్ అవతల ఆసుపత్రి. కొడుకు కారు పిలుస్తానన్నా వద్దంది. దేవుడు బాగుచేసిన చేతులు నడిపే బండిలోనే పోతానని పట్టుబట్టింది. మహిపాల్ మింగలేక కక్కలేక తల ఊపాడు.

సుకన్య హాస్టల్ పని ముగించుకుని రాగానే అందుకున్నాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా? నేను బండి ముట్టిందెప్పుడే, నువ్వు సాక్ష్యం చెప్పుడెప్పుడు?"

సుకన్య నిలబడ్డచోటే కూలబడింది. కిందటి వారం వచ్చిన ప్రసంగీకుడు, అడిగింది దొరికిందనే నమ్మి ముందే కృతజ్ఞత చెప్పాలని బోధించాడట. వారమంతా అట్లాగే లోలోపల చెప్పుకుంటూ వచ్చింది. ఆదివారం మైకు తన దగ్గరికి వచ్చేసరికి లోపలి మాట బయటికి వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టాక దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. దుర్గాంబ ఆపరేషన్ మాట విని ఆమె మొహం పాలిపోయింది. తన నోటి మాట ఆధారంగా ఒక ముసలి ప్రాణం కత్తి కిందికి పోతోందని తల బాదుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

సోమవారం పొద్దున్నే పోయి పాస్టరుగారికి చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. నమ్మడం వేరమ్మా, జరిగిపోయిందని చెప్పడం వేరు అన్నాడు. మన అబద్ధం సాయం లేకపోయినా దేవుడు తన పని తాను చేసుకోగలడు, పోయి నిజం చెప్పెయ్ అన్నాడు. సాయంత్రం స్త్రీల ప్రార్థన కూడికలో అదే పని చేస్తానని సుకన్య ఇంటికి వచ్చి చెప్పింది. సాయంత్రం మహిపాల్ కూడా ఆమె వెనకే బయలుదేరాడు. కోపంతో కాదు, ఎట్లా చెబుతుందో చూడాలని.

మందిరం రెండో అంతస్తులో ఉంది. కింది అంతస్తులో కంప్యూటర్ క్లాసులు. మెట్ల నిండా బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. వాళ్ళను తప్పించుకుంటూ ఎక్కి, గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చున్నాడు మహిపాల్. లోపల సుకన్య లేచింది. కొంగు సరిచేసుకుని, అందరికీ వందనాలు చెప్పి, తన భర్త ఇంకా బండి తీయలేదనీ, తాను చెప్పింది జరగలేదనీ ఒప్పుకుంది. చెప్పాల్సిన మాట ఒక్కటీ మింగలేదు. వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. సొంత పెళ్ళాం తన కోసం అంతమంది ముందు తలదించుకుని నిలబడితే మహిపాల్‌కు ఏడుపు తన్నుకొచ్చింది.

దుర్గాంబ లేచి సుకన్య పక్కన నిలబడింది. "అయితే అతనికీ భయమే, నాకూ భయమేనన్నమాట. పోనీలే, ఇద్దరం కలిసే వెళ్తాం" అంది.

ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా ప్రార్థన మొదలుపెట్టారు. అక్కడ పద్ధతి అంతే. ఎవరి ప్రార్థన వాళ్ళు గట్టిగా చేస్తారు, గది హోరెత్తిపోతుంది, ఎవరి మాటా ఎవరికీ అందదు. అంటే, సుకన్య గొంతు కూడా అందులో ఉంది. ఇంట్లో పెదవులే కదిలించే మనిషి ఇక్కడ నోరు విప్పుతోంది. ఇంక మహిపాల్ ఆగుతాడా? వంగి వంగి లోపలికి పోయి, ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని ఉన్నారన్న ధైర్యంతో ఆమె వెనక చేరాడు.

తన చేతుల గురించి అడుగుతుందనుకున్నాడు. ఆమె ఎవరో వంశీధర్ గురించి అడుగుతోంది. వంశీధర్ కాలులో వేసిన రాడ్ కుదురుకోవాలని, పోయిన పరీక్ష మళ్ళీ రాయగలగాలని, ఊళ్ళో అతని తల్లికి నెమ్మది ఇమ్మని. అది అయ్యాకే మొగుడి మాట ఎత్తింది.

"నా మొగుడు ఎనుకకు తల తిప్పిండని, బైకు అద్దంల చూసిన ఆ పిలగాడు చెప్పిండు ప్రభువా. ఈయన నాతోటి అంటలేడు. మోయలేకపోతుండు. జర ఆ మూట దింపించు."

వంశీధర్. వినకుండా తప్పించుకున్న పేరు ఇదేనని మహిపాల్‌కు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తెలిసీ తెలియనట్టు ఇన్ని రోజులు తనకు అన్నం పెట్టిన మనిషి వీపు చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. ప్రార్థన అయిపోయి ఆడవాళ్ళు కళ్ళు తెరిచి అతన్ని చూసి కంగారుపడ్డా, అతను కదల్లేదు.

మెట్లు దిగుతుంటే అడిగాడు. ఎన్నో నెలల తర్వాత పరాయి మనిషి గురించి అతను తీసిన మొదటి ఆరా అది.

"గా పిలగాడు ఏడుంటడు?"

కృష్ణానగర్‌లో స్నేహితుల గదిలో ఉంటాడని చెప్పింది. అమీర్‌పేటలో కోచింగ్ కోసం సూర్యాపేట వైపు నుంచి వచ్చాడట. ప్రమాదం జరిగిన వారానికే, పోయి చూస్తే తప్ప మనసు నెమ్మదించదనిపించి వెళ్ళింది. వారానికోసారి కూర వండి తీసుకుపోతోంది. ఎవరో చెప్పకుండా దాయలేదు, మొదటిరోజే ఆటో అతని భార్యనని చెప్పిందట.

మంగళవారం ఇద్దరూ పోయారు. వంశీధర్ కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీశాడు. తిడతాడనుకుని మహిపాల్ గడప దగ్గరే నిలబడ్డాడు. తప్పు నాదే, నేను వెనక్కి చూశాను అని మాత్రం చెప్పగలిగాడు. వంశీధర్ తలుపు ఇంకాస్త తెరిచాడు.

"కోపం పోలేదన్నా. కానీ మంచంల పండుకొని రోజూ ఒక్కటే అనుకుంటున్న. గా రోజు ఎనుకకు తిరిగి ఏమడుగుతున్నవు?"

పెళ్ళికొడుకు ఏం చేస్తాడని అడగబోయానని మహిపాల్ చెప్పాడు. మరి ఏం చేస్తాడట అన్నాడు వంశీధర్. ఆ పెద్దాయన చెప్పేలోపే గుద్దుకుందని, ఇప్పటికీ తెలియదని చెప్పేసరికి వంశీధర్‌కు నవ్వు ఆగలేదు. కర్ర పక్కన పెట్టి గోడకు ఆనుకుని నవ్వాడు. మహిపాల్ ఏడ్చాడు. గుమ్మంలో చెప్పుల మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలా ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. కొంచెం తేరుకున్నాక మీ ఊరేది, అమ్మానాన్నా ఏం చేస్తారు, ఏ పరీక్ష పోయింది అని వరసగా అడిగాడు. వంశీధర్ అన్నిటికీ చెప్పాడు.

బుధవారం పొద్దున్న టార్పాలిన్ తీశాడు. దుర్గాంబ, సుకన్య వెనక కూర్చున్నారు. హ్యాండిల్ పట్టుకోగానే చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి. నిజం చెప్పాలంటే ఏ అద్భుతమూ జరగలేదు. మెల్లగా, పక్కనుంచి సైకిళ్ళు కూడా దాటిపోతుండగా పంజాగుట్ట చౌరస్తాదాకా తెచ్చాడు. అక్కడ ఎర్రలైటు పడింది. వణుకు భుజాలదాకా పాకింది. వెనక్కి చూడకుండానే అన్నాడు.

"సుకన్యా, పెదవులు కదిలిస్తే చాలదు. జర గట్టిగ చెయ్యి. నాకు వినపడాలె."

దుర్గాంబ చెయ్యి పట్టుకుని సుకన్య గట్టిగానే మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈయన చేతులు వణుకుతున్నయి. వణికితే వణకనియ్యి. తోవ మాత్రం నువ్వు చూపించు."

దుర్గాంబ గట్టిగా ఆమేన్ అంది. లైటు మారింది, వెనక హారన్లు మొదలయ్యాయి. మహిపాల్ కూడా ఆమేన్ అన్నాడో లేదో ఆ మోతలో వెనకవాళ్ళకు వినపడలేదు. బండి మాత్రం కదిలింది.