కోటను అలికిన కోడలు

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా వీధిలో సర్కారు జీపు ఆగి, అందులోంచి దిగిన చిన్న వయసు అధికారిణి ఒకామె, ఎదురింటి వాళ్లను "కోటను అలికిన ఆమె ఇల్లు యాడుండాది?" అని అడగడం నా చెవిన పడగానే, చేతిలో ఉన్న బియ్యం చేట అలాగే పట్టుకుని పోయి వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. అరవై దాటి, ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లలకు ధైర్యం చెప్పిన మనిషి చేయవలసిన పని కాదది. కానీ ఆ జీపు ఎప్పటికైనా వస్తుందని నేను నలభై ఏళ్లుగా భయపడుతూనే ఉన్నాను.

సిరిగేరిలో పుట్టి, ఎస్సెస్సెల్సీ పాసై, తుంగభద్ర ఒడ్డున కన్నడ సీమలో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు నా చదువు ట్రంకుపెట్టె అడుగున చీరల కింద ఉండేది. అత్తా నేనూ వరినాట్లకూ కలుపుకూ పోయేవాళ్లం. ఒక వేసవిలో నది బాగా సన్నబడ్డాక, ఏటి మధ్య నడిగడ్డ మీది పాత కోటను తవ్వడానికి పురాతత్వ శాఖ సారు ఒకాయన వచ్చి డేరా వేశాడు. కోట అంటే పెద్దగా ఊహించుకోకండి, నడుము ఎత్తు రాతిగోడ, కూలిన రెండు బురుజులు, మధ్యలో కంపచెట్లు, అంతే. ఆ కంపలో మేకలు తప్పిపోతాయని తప్ప మా ఊళ్లో ఎవరికీ దాని ఊసే ఉండేది కాదు. రోజూ పొద్దున్నే మా ఆడవాళ్లం గుండ్రటి బుట్టలాంటి పుట్టి పడవలో కూర్చుని, అది గిరగిరా తిరుగుతుంటే కళ్లు మూసుకుని, అవతలికి చేరి మన్ను మోసేవాళ్లం.

చీటీలు రాయడానికి మీలో చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని సారు కన్నడంలో అడిగిన రోజు మా అత్త నన్ను వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. అంతవరకూ నా చదువును వెక్కిరించడమే తప్ప మెచ్చుకోని మనిషి, ఆ సాయంత్రం పుట్టిలో ఉన్న వాళ్లందరికీ మా కోడలు సర్కారు రాత రాస్తుందని చెప్పుకుంది. ఒక గుంత దగ్గర కూర్చోవడం, దొరికిన పెంకులను సంచిలో వేసి చీటీ రాయడం, ఎవరినీ గుంతలో చెయ్యి పెట్టనివ్వకపోవడం నా పని.

ఆ గుంతలోనే ఒక ఇంటి నేల బయటపడింది. నేల మీద మూడు రాళ్ల పొయ్యి, అందులో బూడిద. గుంత గోడలో, ఆ నేల కింద, సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండేవి. ఒక్కో గీతా ఒక్కో వరద మిగిల్చిన ఒండ్రు అని, ఏరు పొంగినప్పుడల్లా ఇక్కడివాళ్లు అన్నీ వదిలి పారిపోయి ఉంటారని సారు నాకు వివరించాడు. ఎన్నిసార్లు పారిపోయారో పాపం అనుకునేదాన్ని.

ఒక గురువారం సాయంత్రం, రేపు పొద్దున్నే ఫోటో తీసి బూడిద ఎత్తాలి, అంతవరకూ జాగ్రత్త అని నాకు అప్పగించి సారు డేరాకు వెళ్లాడు. పని ముగించి అందరూ పుట్టి వైపు నడుస్తుంటే మా అత్త మాత్రం గుంత అంచున నిలబడిపోయింది.

"రేపు శుక్రవారం. పొయ్యి కండ్లబడినాక అలకకుండా ఎట్ల పోయేది మ్మే? ఎవురో ఒకామె వొండుకున్న పొయ్యి కదా ఇది."

నేను వద్దన్నాను. ఒక్కసారే అన్నాను, అదే నా తప్పు. మేతకు వచ్చిన బర్రెల పేడ గడ్డ నిండా ఉంది, నీళ్లు పక్కనే ఉన్నాయి. మా అత్త కొంగు బిగించి గుంతలోకి దిగి, పొయ్యినీ నేలనూ అరచేత్తో చక్కగా అలికింది. అలికాక ముగ్గు లేకుండా ఉంచితే అశుభమని, సారు గుంతల హద్దులు గీయడానికి తెచ్చిన సున్నం గుప్పెడు తీసి ముగ్గు వేసింది నేనే. చెప్పకూడదు గానీ ముగ్గు బాగా కుదిరింది.

మర్నాడు సారు గుంత దగ్గరికి వచ్చి, చూసి, తల పట్టుకుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "ఈ పొద్దు శుక్రవారమప్పా, పొయ్యి అలకల్ల కదా," అని మా అత్త ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయన ఆడవాళ్లందరినీ పుట్టిలో తిరిగి పంపించేశాడు. శనివారం పై డ్యాము నుంచి నీళ్లు వదిలారు, ఏరు నిండింది, డేరా ఎత్తేశారు. సారు మళ్లీ రాలేదు, తవ్వకం మళ్లీ జరగలేదు.

ఊరికి పని పోయింది మా వల్లేనని ఎవరూ మొహం మీద అనలేదు గానీ, నాకు కోటను అలికిన కోడలని పేరు పెట్టారు. నా చేతికి అప్పగించిన గుంతను నేనే పాడుచేశాననీ, ఆ సారు ఉద్యోగం కూడా పోయి ఉంటుందనీ నేను కుమిలిపోయేదాన్ని. మా అత్తకు ఆ బాధే లేదు. "పొయ్యి అలికినందుకు పాపమొస్తాదా మ్మే? వచ్చేటట్లుంటే నాకే రానీ," అనేది.

అందుకే జీపు చూసి తలుపు వెనక దాక్కున్నాను. మా కోడలు ఆ అమ్మాయిని నేరుగా వంటింట్లోకే తీసుకొచ్చింది.

"భయ బ్యాడ అజ్జీ, భయపడొద్దు, కేసు గీసు ఏం లేదు. సారు రాసింది చూపిద్దామని వచ్చినా," అని ఆ అమ్మాయి ఫోను తీసింది. ఆఫీసు బీరువాలో దొరికిన పాత నోటుపుస్తకమట. సారు ఎక్కడా ఉద్యోగం పోగొట్టుకోకుండా పూర్తిగా పనిచేసి, రిటైరై, ఈ మధ్యే కాలం చేశాడట. తవ్వకం ఆగింది పై నుంచి మంజూరు రాకపోవడం వల్లనట. మమ్మల్ని పంపించేసిన ఆ శుక్రవారం ఆయన ఒక్కడే కూర్చుని, మా అత్త అలికిన పొరను కత్తితో కోసి చూస్తే, గుంత గోడలోని కింది గీతలూ అదే మందం, వాటిలోనూ పేడలో ఉండే గడ్డిపరకల ముక్కలే. ఒక పాత పొర విడదీస్తే దాని మీద కూడా అరచేయి తిరిగిన అర్ధచంద్రాకారపు గుర్తులున్నాయట. పొయ్యి మూలల్లో పరీక్షకు సరిపడా బూడిద కూడా మిగిలిందట. ఆ పేజీ చివర ఆయన రాసుకున్న మాటను ఆ అమ్మాయి తెలుగులో చెప్పింది: ఇవి వరదలు కావు, శుక్రవారాలు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుండె మీది బండ దిగిపోయిందంటారే, ఆ మాటకు అర్థం నాకు ఆ పూట తెలిసింది. నేను జాలిపడిన ఆ మనుషులు పారిపోలేదు. అక్కడే ఉండి, వండుకుని, వారం వారం అలుక్కున్నారు.

మళ్లీ తవ్వుతారట, వచ్చి ఎలా అలుకుతారో చూపించమని ఆ అమ్మాయి అడిగింది. మోకాళ్లు వంగవు, కానీ వస్తానన్నాను. మొన్న బస్సులో ఎవరో నన్ను చూపించి కోటను అలికినామె అన్నారు. ఎప్పుడూ వినబడనట్టు ఉండేదాన్ని, మొన్న మాత్రం వెనక్కి తిరిగి, అవును, మా అత్తా నేనూ, అని చెప్పాను.

ఆ మాట వినడానికి అత్త లేదు, పోయి ఎనిమిదేళ్లయింది. తోరణగల్లు ఫ్యాక్టరీలో పనిచేసే మా అబ్బాయి ఇంటి నిండా తెల్లటి బండలు పరిపించాడు. శుక్రవారం కోడలు తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అద్దంలా మెరుస్తుంది, నడుము నొప్పి లేదు, నాకు సంతోషమే. అయితే ఆ మెరుపులో మా చేతి గుర్తు ఒక్కటీ నిలవదు. రేపెప్పుడో ఎవరైనా మా ఇంటిని తవ్వితే, ఇక్కడ ఆడవాళ్లు ఉండేవాళ్లని వాళ్లకు ఎలా తెలుస్తుందో.