ఎడమ మూల కాక

శనివారం మధ్యాహ్నం మా కబడ్డీ జట్టు వాట్సాప్ గ్రూపులో మేనేజర్ మెసేజ్ పెట్టాడు. ‘మన ప్రియమైన రెయిడర్ నిద్రలోనే ప్రశాంతంగా కన్నుమూశారు.’ కింద చేతులు జోడించిన బొమ్మలు. ఒక్క వాక్యంలో ఎన్ని అబద్ధాలు! కాక జన్మలో కూతకు పోలేదు. నిద్రలో పోలేదు. ప్రశాంతంగా అసలే పోలేదు.

గల్ఫ్‌లో మా మంగఫ్ లేబర్ క్యాంపులో ఉండే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లందరికీ ఆయన కాకే. మా కంపెనీ జట్టులో ఆయనది ఎడమ మూల. ఆయన చేయి పట్టుకొని పక్కన నిలబడేవాణ్ణి నేను. కబడ్డీ తెలియని పాఠకులకు ఒక్క మాట చెప్పాలి. కూతకు వచ్చే రెయిడర్ పేరే మైకులో మోగుతుంది, ఈలలూ వాడికే. మూలలో ఉన్నవాడు నేల మీదకు దూకి వాడి మడమ పట్టుకోవాలి. అప్పుడు పట్టినవాడి తల ఎక్కడుంటుంది? సరిగ్గా వాడి రెండో కాలి ముందు. ఆ కాలు ఊరుకుంటుందా? కాకకు ముందు పళ్లు లేవు, కుడి చెవి వినబడదు, కనుబొమ్మ మీద కుట్ల మీద కుట్లు.

కుర్రతనంలో ఏ ఊరు పిలిస్తే ఆ ఊరి జట్టుకు పైసలకు ఆడాడట. ఆ పేరు విని, కంపెనీల పోటీల కోసమే మావాళ్లు వీసా ఇచ్చి తెచ్చుకున్నారు. ఇఖామా గుర్తింపు కార్డు మీద హెల్పర్, బ్యానర్ మీద టైగర్! వారమంతా పైపులు మోసి శుక్రవారం మట్టిలో పడేవాడు. గెలిచిన కప్పు ఆఫీసు అద్దాల బీరువాలోకి పోయేది, కాక మళ్లీ పైపుల దగ్గరికి పోయేవాడు.

ఆట రోజు పొద్దున్నే క్యాంపు మెట్ల మీద నెయిల్ కట్టర్ పట్టుకొని కూర్చునేవాడు. మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, చంటిపిల్లలకు తీసినట్టు అందరి గోళ్లూ తనే తీసేవాడు. మాలో ఎవరైనా సొంతంగా తీసుకుంటామంటే ఒప్పుకొనేవాడు కాదు.

"గోళ్లతోని గీకి గెలిచేటోడు ఆటగాడు గాదురా, పిల్లి," అనేవాడు. ఇంకో మాట కూడా ఎప్పుడూ అనేవాడు: "పట్టినంక ఇడువద్దు. ఇడిచేటట్టుంటే పట్టనే వద్దు."

చెవి వినబడదు కాబట్టి గ్రౌండులో మా మాటలన్నీ చేతులతోనే. ఆయన నా వేళ్లు ఒకసారి నొక్కితే ఆగమని, రెండుసార్లు నొక్కితే పడమని.

ఆ శుక్రవారం సెమీఫైనల్లో కూతకు వచ్చినవాడి మడమ కాక కణతకు తగిలింది. లేచాడు. లేచి గీత దాటి, అవతలి జట్టు ఎడమ మూలకు వెళ్లి నిలబడి, పక్కనున్న వాళ్ల ఆటగాడికి చేయి అందించాడు. జనం విరగబడి నవ్వారు. నేను పరుగెత్తి వెళ్లాను.

"కాకా, మనది ఇటుదిక్కు."

"అవునా? మరి గీళ్లెవలురా?"

రెక్క పట్టుకొని ఆయన్ను మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లాను. "సార్, దెబ్బ తలకు తాకింది. దవాఖానకు తీస్కపోదాం."

"ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మొహం మీద నీళ్లు కొట్టవయ్యా. ఫైనల్‌కి వెళ్లాలా, అక్కర్లేదా? యల్లా, దించు!"

నేను వద్దని అరుస్తూనే ఉన్నాను, దించాడు. కాక నా చేయి పట్టుకున్నాడు కానీ వేళ్లు నొక్కలేదు. అయినా కూతవాడు రాగానే అలవాటు కొద్దీ దూకి మడమ పట్టాడు. మేం గెలిచాం. బస్సులో కాక వాంతి చేసుకుంటే, "గ్యాస్ అయ్యుంటుంది, పడుకుంటే తగ్గుతుంది," అన్నాడు ఆ పెద్దమనిషి. తల పగిలినా గ్యాసే! క్యాంపు దగ్గర దిగి మేమే టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. తల లోపల రక్తం గడ్డకట్టింది, ఆలస్యమైందన్నాడు డాక్టరు. తెల్లవారేసరికి ఖలాస్.

"ఇంటావిడకి ఇవన్నీ చెప్పకండి, పాపం బాధపడుతుంది," అని మేనేజర్ అందరికీ హితబోధ చేశాడు. ఎంత దయ! చెబితే మా ఉద్యోగాలు ఏమవుతాయో కూడా సూచనగా సెలవిచ్చాడు. ఆ సాయంత్రమే కాక భార్య, మా చిన్నమ్మ, ఊరి నుంచి ఫోన్ చేసింది.

"నిద్రల్నే పాణం పోయిందట గదా కొడుకా? నొప్పి తెల్వలేదట గదా?"

అవునంటే ఆమెకు కాస్త ఊరట. అంటే మాత్రం కాకను నేను కూడా వదిలేసినట్టే. జరిగిందంతా చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది.

"ఆఖరికి పట్టిండా?"

"పట్టిండు చిన్నమ్మా."

"ఇడిచిండా?"

"ఇడువలే."

ఫైనల్ వాయిదా వేశారు. సంతాపం కోసమనుకునేరు, గ్రౌండు దొరక్క. చివరికి ఫైనల్ పెట్టిన రోజు ఎడమ మూలకు కొత్తవాణ్ణి తెచ్చారు. గ్రౌండు చుట్టూ ‘మా టైగర్ రెయిడర్‌కు ఈ కప్పు అంకితం’ అని బ్యానర్లు కట్టారు. మేం ముందుగా ఏమీ మాట్లాడుకోలేదు. కానీ ఆ పొద్దున క్యాంపు మెట్ల మీద ఎవరూ కూర్చోలేదు.

ఆట ముందు రెఫరీ ఎప్పటిలాగే గోళ్లు చూపమన్నాడు. వరుసగా చేతులు చాపాం. ఒక్కొక్కరివీ చూసుకుంటూ వచ్చి, ఈ గోళ్లతో ఆడనివ్వనన్నాడు.

"నెయిల్ కట్టర్! ఎవరి దగ్గరుంది? యల్లా, యల్లా!" మేనేజర్ గీత పక్కన గెంతుతున్నాడు.

కాక నెయిల్ కట్టర్ నా జేబులోనే ఉంది. తీయలేదు. చేతులు చాపి అలాగే నిలబడ్డాను, నా పక్కవాళ్లూ అలాగే నిలబడ్డారు.