బాపు సన్మాన పత్రం

మా బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు రిటైరైతే శాలువా, దండతో పాటు పటం కట్టించిన సన్మాన పత్రం కూడా ఇస్తారు. ఎవరో ఒకరు ఆయన మీద కవిత్వం రాసి సభలో చదువుతారు. ఆ తర్వాత అది ఇంట్లో గోడకెక్కుతుంది. మా నాన్న, అదే మా బాపు, రిటైరయ్యేటప్పుడు నేనే రాస్తానని పట్టుబట్టాను. అప్పటికి నావి రెండు కవితలు పేపర్లో అచ్చయ్యాయి, ఇక నన్ను పట్టేదెవరు! బాపు మాత్రం వాటి గురించి ఒక్క మాట అనలేదు. ఈసారైనా అంటాడని నా ఆశ.

వారం రోజులు కూర్చుని రాశాను. చీకటి గర్భం, నల్ల సూర్యుడు, చెమట సముద్రం, అన్నీ పడ్డాయి. సభలో గొంతు వణికిస్తూ మరీ చదివాను. మర్యాదకు చప్పట్లు కొట్టారు.

అంతలో బాపుతో ఏళ్ల తరబడి ఒకే షిఫ్టులో బాయిలోకి దిగిన దోస్తు, నేను కాకా అని పిలిచే ఆయన, లేచి, జేబులోంచి కాగితం తీశాడు.

"జర నాది గూడ వినుండ్రి.

డబ్బ తెరిస్తె నాకే ముందు తొక్కు పెట్టె,
పైకప్పు కూలంగ నన్ను ఇవతలికి నెట్టె!
నువ్వు దిగిపోతె ఇగ నాకెవరు దిక్కు?
రేపటి సంది లేదు మామిడికాయ తొక్కు!"

అబ్బబ్బ, ఏం ప్రాస! నాకు ఒళ్లు మండింది. హాలంతా ఈలలు, "మల్ల సదువు" అని కేకలు. బాపు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పటికీ స్నానం చేస్తుంటే నా నోటికొచ్చేది ఆ నాలుగు లైన్లే. నా కవితలో ఒక్క ముక్క గుర్తులేదు.

రెండు రోజులకు బాపు కాక కాగితానికీ పటం కట్టించుకొచ్చాడు. ముందుగదిలో గోడకు దాన్నే ఆనించి, మేకు ఎక్కడ కొట్టాలో చూస్తున్నాడు. నా పటం మంచం మీద ఉంది.

"గదేం కవిత్వం బాపూ? ఇంటికొచ్చినోళ్లు నవ్వుతరు," అని గయ్యిమన్నాను.

"నవ్వనీ తియ్."

"మరి నాది మంచిగ లేదా?"

బాపు చేతిలో పటం దించి మంచం మీద కూర్చున్నాడు. నాది ఒళ్లోకి తీసుకుని అద్దం మీద దుమ్ము తుడిచాడు.

"మంచిగనే ఉంటది బిడ్డా, సదువుకున్నోనివి. మూడుసార్లు సదివిన. అండ్ల నేను యాడున్ననో దొరకలే."

కోపం ఎటు పోయిందో, ఏడుపొచ్చింది. సుత్తి తీసుకుని కాక పటానికి నేనే మేకు కొట్టాను.